గోడకి ఇవతల పిచ్చుకలు

హలో… ఆ, నేనే అక్కా.

మిస్‌డ్ కాల్ ఇచ్చింది నేనే. బ్యాలెన్సు అయిపోయింది, నువ్వే చేస్తావులే అని…

లేదు, లేదు. కంగారు పడకు. అందరం బాగానే ఉన్నాం. ఈయన పొలం వెళ్ళారు, పిల్లలు బడికి వెళ్ళారు.

గొంతా… తగ్గించే మాట్లాడుతున్నాను. మామయ్యగారు పెరటి వసారాలో కూర్చున్నారు. నేను వంటింట్లో ఉన్నాను, తలుపు దగ్గరికి వేశాను. చూపు పోయింది గానీ ఆయనవి పాము చెవులు. చెప్పుల చప్పుడుని బట్టి వచ్చింది ఎవరో చెప్పేస్తారు.

…ఆ, మా వైపే. పొద్దున్నే నేనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను.

అవును మరి, వింతే. ఆ గోడ కట్టిన తరవాత ఆయన ఇటు వచ్చి కూర్చోవడం ఇదే మొదటిసారి.

…నువ్వు గోడ కట్టాక రాలేదు కదూ. పెద్దగా ఏం లేదు, పెరడు మధ్యలో నడుం ఎత్తు గోడ. ఇటు మేము, అటు మరిదీ సిల్వియా. మధ్యలో చిన్న గేటు. మామయ్యగారి భోజనం ఒక నెల ఇక్కడ, ఒక నెల అక్కడ. కూర్చోవడం మాత్రం ఎప్పుడూ అక్కడే. సిల్వియా వైపే.

…ఎందుకేమిటి. పిచ్చుకలు.

అదే చెప్తున్నాను విను. బావగారు బస్సులో పంపిన గింజలు వేశాను. సజ్జలు వేశాను, కొర్రలు వేశాను. రెండూ కలిపీ వేశాను. జామచెట్టుకి మూకుడు కట్టి అందులో పోశాను. వారమైంది. ఒక్క పిచ్చుక వాలలేదక్కా.

…ఉడత తింది. కాకులు వచ్చి మూకుడు తిరగేసి పోయాయి. కాకులు నాకెందుకు.

…నీళ్ళూ పెట్టాను. కొబ్బరి చిప్పలో.

…జొన్నలు పెద్దగింజ కదా, వాటి నోటికి పట్టదని బావగారే అన్నారుగా. అందుకే వెయ్యలేదు.

టీవీలో ఎవరో పొద్దుతిరుగుడు గింజలు వేస్తున్నారు. అవి చిలకలకేమో. మనకి చిలకలు అక్కర్లేదు. పిచ్చుకలే కావాలి.

…ఊఁ… ఊఁ… బావగారు పక్కనే ఉన్నారా. అడుగు, అడుగు.

…వరి కుచ్చా. అది అటు పక్క ఉంది కదా. సిల్వియా అల్లుతుంది. కోత కోసినప్పుడు మంచి కంకులు ఏరి, జడలాగా అల్లి, చూరుకి వేలాడదీస్తుంది. కొల్లేటికోట పిల్ల కదా, వాళ్ళకి ఇంకేం పని. చేపలు, పిట్టలు.

…అల్లడం నాకు రాదు. నేను అల్లితే ఊడిపోతుంది. ఈయన చూసి, చీపురు కట్టావేంటే అన్నారు.

…అంటే ఉత్త గింజ పోస్తే రావంటారా. పట్టుకుని ఊగడానికి కంకి ఉండాలా. సరే. సరే, కంకులు దొరుకుతాయేమో చూస్తాను. కానీ ఇవాళ కావాలక్కా నాకు. ఇప్పుడు కావాలి. ఆయన ఇప్పుడు కూర్చున్నారు అక్కడ.

—ఆ, వస్తున్నానండీ మామయ్యగారూ. ఫోనండీ. మా అక్కండీ, తణుకు నుంచి… ఆ, అడిగారని చెప్తానండీ.

నిన్ను అడిగానని చెప్పమన్నారు.

…వచ్చాయా అని అడుగుతున్నారు. ఇప్పటికి మూడోసారో నాలుగోసారో. ఇంకా ఎండ రాలేదు కదండీ, ఎండ వస్తే వస్తాయి అన్నాను. ఇప్పుడు ఎండ వచ్చేసింది.

…నేనే చెప్పానక్కా. మా వైపు బాగా వస్తున్నాయి, మీరు అక్కడ కూర్చుంటే ఏం వినబడుతుంది, ఇటు రండి అని. గింజలు వేస్తున్నాను కదా, వచ్చేస్తాయిలే అనుకున్నాను.

టీ తాగేదాకా ఉంటానన్నారు. ఆ తరవాత అటు వెళ్ళిపోతారట. అటు వెళ్ళిపోతే ఇక ఆదివారం ప్రార్థన కూటంలో ఏం చెప్తారో నాకు తెలుసు.

…ఈ ఆదివారం మా ఇంట్లోనే కూటం. పాస్టరుగారు, సంఘం పెద్దలు, అందరూ వస్తారు. మామయ్యగారు సాక్ష్యం చెప్తారు. పోయినసారి కూటంలో ఏమన్నారో నీకు చెప్పలేదు కదూ.

…చెప్పానా. మళ్ళీ విను. అందరిముందూ లేచి నిలబడి, ఈ ఇంటిలో దేవుడి శాంతి ఏ వైపు ఉందో నేను కళ్ళు లేకపోయినా చెప్పగలను, పిచ్చుకలు ఏ వైపు కూస్తాయో ఆ వైపు ఉంది అన్నారు. నేను అప్పుడు టీ కప్పులు పట్టుకుని నిలబడ్డాను. అందరూ నావైపు చూశారు. ఆ లక్ష్మీకాంతంగారైతే నా చేతిలో కప్పు తీసుకుంటూ, పర్లేదమ్మా నిర్మలా అన్నారు.

పర్లేదట.

…పెద్దాయన, ఏదో అన్నారులే అని నువ్వనుకుంటావు. నువ్వు ఆయనకి స్నానం చేయించలేదు కదా. ఆయన కళ్ళు పోయిన దగ్గర నుంచీ నేనే కదక్కా. గోళ్ళు తీసింది నేను. సాయంత్రం బైబిలు చదివి వినిపించింది నేను. చదువుతుంటే మధ్యలో ఆపేవారు. నిర్మలా, ఒత్తు పలకలేదు. నిర్మలా, అక్కడ ఆగకూడదు. మిషను బడి హెడ్మాస్టరు కదా, రిటైరయినా బెత్తం దించలేదు.

గవర్నమెంటు వాళ్ళు కొల్లేట్లో చేపల చెరువులు కొట్టేసిన ఏడాది వచ్చింది ఈ సిల్వియా కోడలిగా. వాళ్ళ నాన్నకి చెరువు పోయింది, ఈ పిల్ల మా మరిది ఏసుకుమార్‌కి దొరికింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. కీర్తనలకి బదులు కీర్తనులు అంటుంది. ఒక్కరోజు కూడా ఆపలేదు ఆయన. చంటిపిల్ల చదివినట్టుందమ్మా, ఎంత హాయిగా ఉందీ అన్నారు.

…ఆ, నవ్వు. నీకు నవ్వుగానే ఉంటుంది.

…గోడ అవతల వాలేవి ఇటు ఎందుకు వాలవంటావా. ఇప్పుడు అటు ఎందుకు రావట్లేదంటే…

రావట్లేదక్కా. అటు కూడా రావట్లేదు. పది, పదిహేను రోజులైంది.

…ఆయనకి సెల్ టవరు అని చెప్పాం. స్టేషను రోడ్డులో కొత్తగా వేశారు కదా, దానివల్ల పోతున్నాయట అని. పేపర్లో కూడా వచ్చిందండీ అన్నాను. నమ్మారు.

…నిజంగానా. నిజంగా అయితే సిల్వియా చేసుకున్నదే.

పొరపాటు చేసింది.

…ఏం లేదక్కా. వాళ్ళింట్లో నూకలు అయిపోయాయి. కుచ్చులు కూడా ఖాళీ అయిపోయాయి, పొట్టు మిగిలింది. నా దగ్గరికి వచ్చి, అక్కా, పిచ్చుకలకి గుప్పెడు నూకలు ఉన్నాయా అంది. కొట్టుగదిలో డబ్బా ఉంది తీసుకో అన్నాను. అక్కడ రెండు డబ్బాలు ఉన్నాయి. ఒకటి ఇంటి నూకలు. ఒకటి ఈయన ఎలుకల మందు కలిపి పెట్టినవి, పొలంలో కన్నాల్లో వెయ్యడానికి. సిల్వియా రెండోది తీసుకెళ్ళింది.

…అంతే. మర్నాడు పొద్దున్నకి చూసుకుంటే పెరడంతా అవే.

చేటలోకి ఎత్తింది. చీపురుతో ఊడవడానికి చెయ్యి రాలేదట, ఒక్కోటీ చేత్తోనే ఎత్తింది. చేట నిండింది. ఏడుస్తూనే ఎత్తింది, నోట్లో కొంగు కుక్కుకుని. మామయ్యగారు లోపల పళ్ళు తోముకుంటున్నారు. ఆయనకి తెలియకుండా గేటు తీసుకుని నా దగ్గరికి వచ్చేసింది.

…కనపడవు కదా ఆయనకి. కాళ్ళకి తగులుతాయేమో అని పెరడంతా రెండుసార్లు వెతికింది పాపం. అరటిచెట్ల వెనక గుంట తవ్వి పూడ్చాం. నేనే తవ్వాను. ఆ పిల్ల చేట పట్టుకుని నిలబడింది.

మామయ్యకి చెప్పకు అక్కా, చెప్పకు అక్కా అని ఒకటే. కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. చెప్పనులేవే అన్నాను. నేనెందుకు చెప్తాను.

…డబ్బా మీద గుర్తు… ఉంది. మూతకి ఎర్ర గుడ్డ కడతారు ఈయన.

…ఆ రోజు లేదేమో. నాకేం తెలుసు.

అక్కా, పోలీసులా అడగకు.

…

…ఏ డబ్బా అని అడిగిందా అంటే, అడిగింది. ఇటు పక్కదా అటు పక్కదా అక్కా అని కేకేసింది. నేను పప్పు రుబ్బుతున్నాను. అటు పక్కది అన్నాను.

…నాకు తెలుసు ఏది ఎక్కడ ఉందో. నా కొట్టుగది నాకు తెలియదా.

…

హలో. అక్కా. ఉన్నావా.

…మళ్ళీ ఆ ఎర్ర గుడ్డేనా.

…గుడ్డ నేనే విప్పాను. సరేనా. ఇప్పుడు బావగారికి చెప్తావా. పక్కకి వెళ్ళి మాట్లాడు.

…పిట్టలక్కా అవి. మనుషులు కాదు. నువ్వు కోడిని కొయ్యవా. ఆదివారం ఆదివారం కోస్తావు. అదీ పిట్టే.

…వాటి మీద నాకేం కోపం. ఏదో రెండు మూడు పడితే, ఇక్కడ తిండి బాగాలేదు అని మిగిలినవి గోడ దాటి ఇటు వచ్చేస్తాయనుకున్నాను. మనుషులు అంతేగా. ఒక హోటల్లో కడుపునొప్పి వస్తే రెండో హోటలుకి వెళ్తారు. అందుకేగా ఆ రోజే బావగారికి గింజలు పంపమని కబురు పెట్టింది.

…ఊఁ.

…ఏమిటీ.

…మళ్ళీ చెప్పు.

…బావగారు అన్నారా, నువ్వు అంటున్నావా.

…అంటే అటు తినేవీ, ఇటు రావలసినవీ… ఒకటే గుంపా.

…వీధికంతటికీ ఒకటేనా. మరి ఇన్ని ఇళ్ళు ఉన్నాయి. రైసుమిల్లు ఉంది. మార్కెట్టు యార్డు నిండా ధాన్యమే కదా, అక్కడివి రావా.

…అక్కడ తిండి ఉండగా ఇక్కడికి ఎందుకు వస్తాయంటావు. అవునులే.

…మరి ఎన్నాళ్ళు పడుతుంది మళ్ళీ రావడానికి.

…ఏళ్ళా.

…

ఆదివారం కూటం అక్కా.

…లేదు, ఏడవడం లేదు. ఉల్లిపాయ తరుగుతున్నాను.

—ఆ. ఆ మామయ్యగారూ. చెప్పండి… ఏవండీ… టీ అయిపోయిందా. ఇంకొంచెం పొయ్యమంటారా… అటు వెళ్తారా. ఉండండి, ఉండండి, లేవకండి. చేతికర్ర నా దగ్గరుంది.

ఉండక్కా. పెట్టెయ్యకు. లైనులో ఉండు.

—వచ్చాయండీ. ఎప్పుడో వచ్చాయి.

—అదేంటండీ, వినబడటం లేదా మీకు. ఇవిగో, మూకుడు నిండా ఉన్నాయి. ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

—ఇందాకటి నుంచీ కూస్తున్నాయి కదండీ. నేను లోపల ఫోనులో ఉంటే కూడా వినబడుతున్నాయి. మా అక్క కూడా అడిగింది, ఏంటే ఆ పిట్టల గోల అని.

—…లేదండీ, అబద్ధం ఎందుకు చెప్తాను మీతో. నిజంగా వినబడట్లేదా.

—నా మాట వినబడుతోంది కదా… మాటలు వినబడతాయండీ. మాటలు చివరికి పోతాయి. ముందు సన్నటి శబ్దాలే పోతాయట. మా అమ్మకి అలాగే అయింది. మువ్వల చప్పుడు వినబడేది కాదు, మాటలు బాగానే వినబడేవి. డాక్టరు చెప్పారు, వయసు మీద పడితే ముందు సన్నటివే పోతాయని.

—…అయ్యో, దానికి ఎందుకండీ అంత… పెద్దవాళ్ళకి మామూలే. మీరు కూర్చోండి. కూర్చోండి, కర్ర నేను పట్టుకుంటాను.

—వినండి, జాగ్రత్తగా వినండి. ఇప్పుడు ఒకటి నీళ్ళ చిప్ప మీద వాలింది.

—…పోనీలెండి. రేపు వినబడుతుందేమో.

అక్కా. ఉన్నావా.

…విన్నావుగా. ఇంకేం చెప్పమంటావు. నువ్వే చెప్పు, ఇంకేం చెయ్యను.

…పాపమా. ఏం పాపం. వాటిని వినాలని ఆయనకి ఉంది, ఇక్కడే ఉన్నాయి అన్నాను. దేవుడు కూడా కనబడడు, వినబడడు. ఉన్నాడనేగా కూర్చున్నారు అందరూ.

…ఇలా అంటే నీకు కోపం. సరే, అననులే.

…ఏం చేస్తున్నారంటే… చెవిలో చిటికెన వేలు పెట్టి తిప్పుకుంటున్నారు. ఒక చెవి. ఇప్పుడు రెండో చెవి. చెయ్యి చెవి వెనక పెట్టుకుని జామచెట్టు వైపు వంగారు.

…చూస్తున్నాను. తలుపు సందులోంచి కనబడుతున్నారు.

…ఏడుస్తున్నారా అంటే తెలియదు. కళ్ళు ఎప్పుడూ నీరు కారుతూనే ఉంటాయి ఆయనకి.

నమ్మలేదు. ఊఁహూఁ. పూర్తిగా నమ్మలేదక్కా. మొహం చూస్తే తెలుస్తోంది. బళ్ళో పిల్లలు అబద్ధం చెప్తే ఇలాగే తల వంచి ఆలోచించేవారట.

…వస్తోంది. గేటు చప్పుడు. సిల్వియా. మాత్రలు వెయ్యడానికి వస్తోంది, ఈ వేళకి.

…భయం ఎందుకు. మంచిదేగా.

—సిల్వియా. ఇటు రా చెల్లీ. ఆ, ముందు ఇటు రా, వంటింట్లోకి.

—మెల్లిగా మాట్లాడు. మామయ్యగారు అడుగుతున్నారు, మూకుడు మీద పిచ్చుకలు ఉన్నాయా లేవా అని. ఉన్నాయని చెప్పు.

—…నాకు కనబడుతోంది లేవని. నాకు కళ్ళున్నాయి. ఉన్నాయని చెప్పు. ఆయనకే వినబడటం లేదని చెప్పు.

—ఎందుకంటే, లేవంటే ఎందుకు లేవని అడుగుతారు. అప్పుడు నువ్వేం చెప్తావు. టవరు అంటావా. ఈసారి నేను నోరు కట్టుకోలేను సిల్వియా. నీకోసం ఒకసారి కట్టుకున్నాను.

—నీ చేత్తో వేశావు కదమ్మా నూకలు. నేను వేశానా.

—అదిగో. ఏడుపు మొహం పెట్టుకుని వెళ్ళకు. గొంతులో తెలిసిపోతుంది ఆయనకి. మొహం తుడుచుకో. నీళ్ళ గ్లాసు పట్టుకో. వెళ్ళు.

…అక్కా, నువ్వేం అనకు. ఒక్క నిమిషం ఏం అనకు. వినాలి నేను.

…

—మామయ్యగారూ, సిల్వియా వచ్చిందండీ. దాన్నే అడగండి కావలిస్తే.

…

…చెప్పింది.

ఉన్నాయి మామయ్యా అంది.

…అంతే. ఒక్క మాట. అంతే చాలు, నమ్మేశారు. నేను ఇంత వర్ణించి చెప్పాను, తోసుకుంటున్నాయి, నీళ్ళు తాగుతున్నాయి అని. నమ్మలేదు. అది ఉన్నాయి అనగానే తల వేలాడేశారు. చేతులు ఒళ్ళో పెట్టేసుకున్నారు.

…సంతోషమా. అయ్యుండాలి మరి. నా పెరట్లో ఉన్నాయని నమ్మారు కదా. కూటంలో చెప్తారు కదా, నిర్మల వైపు వస్తున్నాయని. నాకు వినబడకపోయినా వస్తున్నాయని.

…ఏమోనక్కా. సంతోషంగానే ఉంది.

…లేదు, సిల్వియా వెళ్ళలేదు. కింద కూర్చుంది. ఆయన కాళ్ళ దగ్గర. మాత్ర వేసింది. ఇక వెళ్ళొచ్చు కదా, వెళ్ళట్లేదు.

…ఏదో అడుగుతున్నారు. ఉండు.

…ఎన్ని ఉన్నాయమ్మా అంటున్నారు.

…చాలా ఉన్నాయి అంటోంది. మగపిట్ట ఒకటి గడ్డం కింద నల్లగా, పెద్దమనిషిలా కూర్చుందట. మిగతావాటిని దగ్గరికి రానివ్వట్లేదట. పాస్టరుగారిలా ఉంది మామయ్యా అంటోంది.

…నవ్వారు.

నవ్వుతున్నారక్కా. ఇందాక తల వేలాడేసుకున్న మనిషి.

…ఇంకా చెప్తోంది. ఆపట్లేదు. పిల్లపిట్టకి తల్లి నోట్లో పెడుతోందట. ఒకటి కొర్రగింజ పడేసుకుని కింద వెతుక్కుంటోందట. చూస్తే మూకుడు వైపు కూడా చూడట్లేదు అది. ఆయన మొహం వైపే చూస్తూ చెప్తోంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి దానికి, గొంతు మాత్రం ఎంత బాగుందో.

…నేర్చుకున్నది కాదక్కా. ఆ పిల్లకి అబద్ధం చెప్పడం రాదు. ఇదే మొదటిసారేమో.

…

…ఇప్పుడు చెయ్యి దాని నెత్తి మీద పెట్టారు.

నీకు వినబడిందా. లేదా. చాలా నెమ్మదిగా అన్నారు.

…కళ్ళు పోయినప్పుడు అంతా చీకటి అనుకున్నానమ్మా. నువ్వు వచ్చావు. ఇప్పుడు చెవులు పోతున్నాయి. అవీ నువ్వే అయ్యావు. ఆదివారం నాడు ఇదే చెప్తాను సంఘానికి, నాకు దేవుడు ఏం తీసుకున్నాడో, ఏం ఇచ్చాడో… అన్నారు.

రోజూ పొద్దున్నే వచ్చి చెప్తావా అని అడుగుతున్నారు. ఇక్కడే, నిర్మల పెరట్లోనే కూర్చుందాం, నువ్వు చెప్తూ ఉండు అని.

నిర్మల పెరట్లో.

…

…ఏమీ అనుకోవట్లేదు. ఏమనుకుంటాను.

ఇన్నేళ్ళలో నా నెత్తి మీద ఎప్పుడూ చెయ్యి పెట్టలేదక్కా. పెళ్ళిలో కూడా. పాస్టరుగారు పెట్టమంటే, మీరు పెట్టారుగా అన్నారు.

…లేదు. ఇంక నువ్వు చెప్పకు. నీ మాట చాలా విన్నాను. సజ్జలు అన్నావు, కొర్రలు అన్నావు.

…ఏం చేస్తానా. చెప్తాను. ఆ మూకుడు ఖాళీ అని చెప్తాను. చెట్టు ఖాళీ, గోడ ఖాళీ, వీధి అంతా ఖాళీ. ఎవరు ఖాళీ చేశారో కూడా చెప్తాను.

…మాట ఇచ్చాను. ఇస్తే. దానికిచ్చిన మాట ఏమైనా బైబిలు మీద చెయ్యి పెట్టి ఇచ్చానా.

…నేను కూడా చెప్పానా, ఉన్నాయని. ఎవరంటారు. ఆయనా. నిర్మలా నువ్వే కదా చెప్పావు అంటారా. అనమను. నేను అనలేదండీ, మీకు అలా వినబడిందేమో అంటాను. ఆయన చెవుల్ని ఆయనే నమ్మట్లేదు ఇప్పుడు.

…అక్కా, అరవకు. ఫోనులోంచి బయటికి వినబడుతుంది.

…చచ్చిపోరు. ఎవరూ చచ్చిపోరు. పెద్దాయన చాలా చూశారు. అత్తయ్యగారు పోయినప్పుడు కూడా అన్నం తిన్నారు.

…సిల్వియానా. దానికేం. కొల్లేటికోట వెళ్ళిపోతుంది నాలుగు రోజులు. మళ్ళీ వస్తుంది. వచ్చాక ఎవరూ పిట్టల పేరు ఎత్తరు.

…బావగారికి ఫోను ఇవ్వకు. ఇచ్చినా నేను మాట్లాడను.

…పెట్టెయ్యను. ఎందుకు పెట్టేస్తాను. ఇలాగే తీసుకెళ్ళి వసారా గట్టు మీద పెడతాను. వినాలనుంటే విను, లేకపోతే నువ్వే కట్ చేసుకో.

…ఊఁ. తలుపు తీస్తున్నాను.

—మామయ్యగారూ. ఇంకొంచెం టీ తెచ్చానండీ. పట్టుకోండి, వేడిగా ఉంది. రెండు చేతులతో పట్టుకోండి.

—లేవకు సిల్వియా. కూర్చో. ఎక్కడికి వెళ్తావు.

—ఏం లేదండీ. మీరు తాగండి. ఇది మీతో ఒక మాట చెప్పాలంటోంది, చెప్పలేక లోపల దాచుకుంటోంది పది, పదిహేను రోజుల నుంచీ.

—చెప్పమ్మా. నూకల సంగతి.